పెద్దపిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెట్టబాక

చిన్నీ,

బుచ్చి దగ్గర, ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికొచ్చినోళ్ళ పిలకాయలొచ్చే బడికి నిన్ను టీచరుగా వేశారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. నీది తొందర చెయ్యి, అందుకే రాస్తుండా.

టీసీ లేదనో, పుట్టినతేదీ కాయితం లేదనో ఎవరన్నా అడ్డం చెప్తే 2009 విద్యాహక్కు చట్టంలో 5, 14 సెక్షన్లు చూపించు. చాలు.

అసలు తప్పు ఆ తర్వాత జరుగుద్ది. పదేళ్ళ పిల్లకి ఒడియా తప్ప రాదు, అఆలు తెలీవు. ఒకటో తరగతిలో వేస్తే మొదట్నించీ నేర్చుకుంటుందిలే అంటారు. మంచికే అంటారు. పక్కనంతా చెల్లెలి ఈడు పిలకాయలు, ఆ పిల్లకేమో తలెత్తలేని సిగ్గు. వారం తిరక్కముందే బట్టీలో మట్టి తొక్కుతుంటుంది. వాళ్ళకి చదువు మీద ధ్యాస లేదని మనం తేల్చేస్తాం. అదే చట్టం 4వ సెక్షన్ ఈడుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోమంటుంది, వెనకబడిన చదువుకి విడిగా శిక్షణ ఇమ్మంటుంది. ముందు మాటల్లేకుండా పలక మీద 47+36, 52−28 వెయ్యి. చేసేసిందా, ఆ పిల్లకి రానిది తెలుగొక్కటే. సర్కారు బడి పుస్తకాలుండే దీక్ష యాప్‌లో ఒడియా మూడో తరగతి పుస్తకం తెరిచి చదవమను. నీకు అర్థం కాకపోయినా గడగడా చదువుతుందో, తడుముకుంటుందో చెవికి తెలిసిపోద్ది.

ఎ-ఏ, ఒ-ఓ తారుమారైతే ఎర్రసిరా పుయ్యబాక. ఒడియాలో ఆ పొట్టి పొడుగుల తేడా లేదు. క్రియలో ఆడా మగా తేడా కూడా లేదు, అందుకే 'అమ్మ వచ్చాడు' అంటుంది. క్లాసు నవ్వుద్ది. నవ్వినోళ్ళ చేత ఎక, దుఇ, తిని, చారి, పాంచ అనిపించు, చూద్దాం! నీళ్ళు, కడుపునొప్పి, బయటికెళ్ళాలి, అర్థం కాలేదు: ముందు ఈ నాలుగు మాటలు నేర్పు. కొన్ని వారాలు నోరు మెదపకపోయినా నిలబెట్టి అడగబాక. ఇంట్లోనూ తెలుగే మాట్లాడండని తల్లికి చెప్పబాక. ఆమె కథలు చెప్పేది ఒడియాలోనే గదా.

నాకు నిద్ర పట్టనిది ఇంకొకటుంది. కూలీల్ని తెచ్చే మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సు లెక్కల్లో ఆ పిల్లని దుబాసీ చెయ్యబాక. అమ్మానాన్నల అప్పు ఆ నోటితో పలికించకూడదు. రెండు భాషలూ తెలిసిన పెద్దవాళ్ళని వెతుక్కో.

ఒడిశాలో బలంగీర్ వైపు వాళ్ళయితే వినాయక చవితి మర్నాడు నువాఖాయి, అదే కొత్త బియ్యం పండగ, చేసుకొని బయల్దేరతారు, వానలకి ముందు పోతారు. పోయేది ముందు చెప్పరు, రాత్రికి రాత్రే లారీ ఎక్కేస్తారు. ఏప్రిల్ కల్లా టీసీ, పెన్ నంబరు (బడి మారినా మారని విద్యార్థి నంబరు), ఏ పాఠం దాకా వచ్చిందో రాసిన కాయితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికియ్యి.

ఎండన పడి బట్టీకి పోయేటప్పుడు మజ్జిగ తాగి పో.

మీ అత్త