అల్లం పసుపెక్కింది జింకు లోపంతో కాదు

ప్రశ్న: మాది కొండల మధ్య లోయ భూమి సార్. ఎకరంన్నరలో అల్లం వేశాను, నాలుగో నెల నడుస్తోంది. పొలం దిగువ వైపు మొక్కలు కింది ఆకుల నుంచి పసుపెక్కి ఎండిపోతున్నాయి. జింకు లోపమనుకుని రెండుసార్లు జింక్ సల్ఫేట్ కొట్టాను. మందుల షాపులో చెప్పారని యూరియా వేసి, మూడు మందులు కలిపి ఇంకోసారి కొట్టాను. తగ్గకపోగా పైకి పాకుతోంది. ఇప్పుడు ఏ మందు కొట్టాలి?

జవాబు: మందు సంగతి తర్వాత, ఒక్క మొక్కనైనా పీకి చూశారా? ఇంత రాశారు గానీ దుంప ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. జింకు లోపమైతే ముందు లేత ఆకుల్లో కనపడుతుంది, పొలంలో చాలాచోట్ల ఉంటుంది. మీకేమో నీళ్లు నిలిచే దిగువ మూలలో, ముదురు ఆకుల్లో మొదలై పైకి వస్తోంది. ఇది దాదాపుగా దుంపకుళ్లే. పిథియం అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి పని, నీళ్లలో ఈదుకుంటూ మొక్క నుంచి మొక్కకు పోతుంది. కొండ మీది వాన నీరంతా మీ మడుల్లోంచే దిగుతుంటే దానికి ఇంకేం కావాలి.

పసుపెక్కిన మొక్కను పట్టి లాగండి. మొదలు మెత్తబడి సులువుగా ఊడివచ్చి, దుంప చెడు వాసన వేస్తే దుంపకుళ్లు. అలా కాకుండా ఆకులు చుట్టుకుని మొక్క ఉన్నపళంగా వాలిపోతుంటే బ్యాక్టీరియా ఎండు తెగులేమో చూడాలి. మొదలు దగ్గర కాండం ముక్క కోసి గాజు గ్లాసులో మంచినీళ్లలో వేలాడదీయండి, రెండు మూడు నిమిషాల్లో పాలలాంటి తెల్లటి దారాలు కిందికి జారితే అదే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, షాపుకు పోయేముందు ఎవరూ చెయ్యరు!

దుంపకుళ్లయితే ముందు పార పట్టండి. పొలం పైఅంచున కొండ నీటిని పక్కకు మళ్లించే కాలువ, మడుల మధ్య మురుగు కాలువలు తీయకుండా ఎన్ని డబ్బాలు పోసినా దండగ. కుళ్లిన మొక్కలను చుట్టూ మట్టితో సహా తవ్వి పొలం బయట పారేయండి, కాలువలో మాత్రం వేయొద్దు. ఆ గుంతల్లోనూ, చుట్టుపక్కల బాగున్న మొక్కల మొదళ్లలోనూ మెటలాక్సిల్ + మాంకోజెబ్ కలిసిన మందు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, మట్టి బెత్తెడు లోతు తడిసేలా పోయండి. ఆకుల మీద పిచికారీ చేస్తే దుంపకు చేరదు, ఇన్నాళ్లూ మీరు చేసింది అదే. 15 రోజులకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, ఇదీ మొదళ్లలోనే. దీంట్లో ఇంకే మందూ కలపొద్దు. వాన వెలిశాక, నీరు దిగిన తర్వాతే పోయాలి. యూరియా ప్రస్తుతానికి ఆపేయండి, మెత్తటి మొక్క ఇంకా తొందరగా కుళ్లుతుంది.

షాపువాడు చెప్పాడని మూడు మందులు కలిపి కొట్టానన్నారే, అందులో ఏమున్నాయో డబ్బాల మీద చదివారా? కుళ్లిన దుంపలో పురుగు కనపడగానే పురుగుమందు అంటగడుతుంటారు. చాలాసార్లు ఆ పురుగు కుళ్లిన తర్వాత చేరిందే. పొలం చూడకుండా ఆకు చూసి మందిచ్చే వాళ్ల మాట మీద ఖర్చు పెట్టడం మానండి, తిడుతున్నానని అనుకోకండి.

గ్లాసులో తెల్ల దారాలు కనపడితే మాత్రం పైన చెప్పిన మందులేవీ కొనొద్దు, దానికి పనిచేసే మందు లేదు. ఆ మొక్కలు తీసేసి, అక్కడి నీళ్లు మిగతా మడుల్లోకి రాకుండా గట్టు వేయండి, అక్కడ వాడిన పార కడగకుండా వేరే మడిలో పెట్టొద్దు. ఆ చేలో మూడేళ్లు అల్లం, టమాట, వంగ, మిరప, బంగాళాదుంప వద్దు, మొక్కజొన్న వేసుకోండి.

ఏ తెగులైనా ఈ పొలం దుంప విత్తనానికి ఉంచుకోకండి, పైకి ఎంత బాగున్నా సరే. వచ్చేసారి వేరే చేలో మీటరు వెడల్పు, అడుగు ఎత్తు మడులు వాలుకు అడ్డంగా కట్టండి. విత్తన దుంపలను లీటరుకు 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన నీళ్లలో అరగంట ఉంచి నీడన ఆరబెట్టి నాటండి. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే క్రిములను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీళ్లు చల్లి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు మాగనిచ్చి నాటేటప్పుడు మడుల్లో వేయండి. అది వేసిన వెంటనే కాపర్ మందు పోస్తే ట్రైకోడెర్మా కూడా చస్తుంది, కనీసం 15 రోజులు ఆగాలి.

రేపు పొద్దున్నే మూడు నాలుగు చోట్ల మొక్కలు పీకి, గ్లాసు పరీక్ష చేసి ఏం కనపడిందో రాయండి. అప్పటిదాకా ఏమీ కొట్టకండి, కాలువ మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.