పాత పత్రికల బొమ్మలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: పాత కాగితాల కట్టలో 'పంచ్' అనే లండన్ హాస్య వారపత్రిక పుట ఒకటి దొరికింది. బొమ్మలో ఒక మూల జె, టి అనే అక్షరాలు పెనవేసుకుని ఉన్నాయి. మరో మూల 'స్వైన్ ఎస్‌సి' అని ఉంది. వీరిలో చిత్రకారుడెవరు?

జవాబు: పెనవేసుకున్న అక్షరాలు జాన్ టెనియెల్‌వి. 1850లో పంచ్‌లో చేరి, 1901లో విరమించుకునేలోగా రెండు వేలకు పైగా రాజకీయ వ్యంగ్యచిత్రాలు గీశాడు. అదీ ఒంటి కంటి చూపుతో. రెండో కన్ను చిన్న వయసులోనే కత్తిసాములో దెబ్బ తగిలి పోయింది. ఇక స్వైన్ అంటే జోసెఫ్ స్వైన్, ఆ బొమ్మను చెక్క దిమ్మ మీద చెక్కించిన పనిశాల యజమాని. పేరు పక్కన 'ఎస్‌సి' ఉంటే చెక్కినవాడు, 'డెల్' ఉంటే గీసినవాడు. ఈ చిన్న సంగతి పట్టించుకోక స్వైన్‌నీ, అలాగే చెక్కే పని చేసిన డాల్జియెల్ సోదరులనీ చిత్రకారులుగా చలామణీ చేసే అమ్మకందారులు కొల్లలు.

అలాగని చెక్కినవాణ్ణి తీసిపారేయకండి. టెనియెల్‌కు బుధవారం రాత్రి విషయం ఖాయమయ్యేది. గురువారమంతా ఆలోచన, చిత్తు బొమ్మ. శుక్రవారం పొద్దున దిమ్మ మీద పెన్సిలుతో మొదలుపెట్టేవాడు. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య స్వైన్ పంపిన కుర్రాడు దాన్ని పట్టుకుపోయేవాడు. అక్కడినుంచి చెక్కేవాళ్ల వంతు. వాళ్లు గీతల జోలికి పోరు. గీతల మధ్య తెల్లగా మిగలవలసిన చోటునే తవ్వేస్తారు. మీ పుటలో ఏ కోటు మడతలోనో నీడ ఉంటుంది, అక్కడ భూతద్దం పెట్టండి. ఏటవాలు గీతలు ఒకదాని మీదుగా ఒకటి పోతుంటాయి, వాటి నడుమ ఆవగింజలో సగం కూడా లేని తెల్లని గళ్లు కనిపిస్తాయి. వాటిలో ప్రతి గడినీ ఒక మనిషి విడివిడిగా ఉలి మొనతో తీశాడు. టెనియెల్ చేయి రెండు ఊపుల్లో వేసిన నీడ అది!

పెన్సిలు బొమ్మ ఆ తవ్వకంలోనే పోయేది. 1860ల నుంచి ఫోటో పద్ధతిలో బొమ్మను దిమ్మ మీదికి ఎక్కించడం మొదలయ్యాకే అసలు చిత్రాలు మిగలసాగాయి. అందుకని అంతకు ముందరి బొమ్మలకు 'అసలు' కోసం వెతకడం దండగ. మీ చేతిలోని అచ్చు పుటే దక్కిన బొమ్మ.

ప్రశ్న: 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పెద్ద బొమ్మలో ఆకాశం మీదుగా నిలువునా సన్నని తెల్ల గీత ఉంది. నకిలీయా?

జవాబు: నకిలీ కాదు, అతుకు. చెక్కడానికి వాడిన బాక్స్‌వుడ్ చెట్టు కాండం సన్నం, పెద్ద దిమ్మలు రావు. చిన్న ముక్కల్ని మరలతో బిగించి దిమ్మ తయారు చేసేవారు. తొందర పని అయితే ముక్కలు విడదీసి తలా ఒకటి పంచి, తిరిగి బిగించాక అతుకుల దగ్గర గీతలు కలిపేవారు. వారం వారం వార్తా చిత్రాలు అందించాలని 1842లో పుట్టిన పత్రికకు అంతకంటే దారి లేదు. ఆ గీత కనిపిస్తే నేనైతే సంతోషిస్తాను.

ప్రశ్న: 'ది గ్రాఫిక్' అనే లండన్ బొమ్మల వారపత్రిక బైండు సంపుటం ఒకటి ఉంది. మంచి బొమ్మలు కోసి ఫ్రేములు కట్టిద్దామనుకుంటున్నాను. చిత్రకారుడు వాన్ గో కూడా అలాగే చేశాడట కదా?

జవాబు: చేశాడు. 1883లో 1870 నుంచి 1880 దాకా ఉన్న గ్రాఫిక్ సంపుటాలు ఇరవై ఒకటి కొన్నాడు. నచ్చిన బొమ్మల్ని దళసరి కాగితాలకు అంటించుకున్నాడు. ఆ పత్రికకు గీసిన ల్యూక్ ఫైల్డ్స్, హెర్కోమర్, ఫ్రాంక్ హోల్ అంటే ప్రాణం. కానీ ఆయన బొమ్మలు గీయడం నేర్చుకుంటూ వాటిని కళ్లముందు పరచుకున్నాడు. మీకు గోడ అలంకరణ కావాలి. రెండూ ఒకటి కాదు.

సంపుటం బైండింగు గట్టిగా ఉంటే కత్తెర దూరంగా పెట్టండి. పుటలు ఇప్పటికే ఊడి ఉంటే ఫ్రేము కట్టించుకోండి, కాని అంచులు మాత్రం కత్తిరించనివ్వకండి. పుట తలమీది తేదీ, పుట సంఖ్య, బొమ్మ కింది మాట, వెనకవైపు అచ్చు: చిత్రకారుణ్ణి పట్టుకోవడానికి ఉన్న ఆధారాలు ఇవే. ఉదాహరణకు, గ్రాఫిక్‌కు గీసిన హెలెన్ పాటర్సన్ 1874లో కవి విలియం ఆలింగ్‌హామ్‌ను పెళ్లాడి హెలెన్ ఆలింగ్‌హామ్ అయింది. తేదీ తెలిస్తే ఏ పేరు కోసం వెతకాలో తెలుస్తుంది. తేదీ కోసేసిన బొమ్మ ముందు కూర్చుని ఏ జాబితా తిరగేస్తారు? కొన్ని పత్రికల సంపుటాల్లో బొమ్మల పట్టికే చిత్రకారుల పేర్లు చెబుతుంది. పుట సంఖ్య లేకపోతే ఆ పట్టికా పనికిరాదు.

ప్రశ్న: 1860ల నాటి బొమ్మకు చక్కని రంగులున్నాయి. ఆనాటివేనా?

జవాబు: రంగుల అచ్చు అప్పటికే ఉంది. 1869 నుంచి లండన్ 'వానిటీ ఫెయిర్'లో 'ఏప్', ఆ తరువాత 'స్పై' అన్న మారుపేర్లతో పెల్లెగ్రీని, లెస్లీ వార్డ్ వేసిన బొమ్మలు రాతి అచ్చులో రంగుల్లోనే వచ్చాయి. నల్ల గీతల చెక్క అచ్చు మీద రంగులుంటే మాత్రం అనుమానించండి. చాలావరకు ఇటీవల కుంచెతో పూసినవే. గీత దాటి రంగు పాకిందేమో, కాగితం వెనక్కి దిగిందేమో చూడండి. భూతద్దంలో వరుసలు తీరిన చుక్కలు కనిపిస్తే ఇక మాటే అక్కరలేదు. చుక్కల హాఫ్‌టోన్ అచ్చు పత్రికల్లో వాడుకలోకి వచ్చింది 1880ల తరువాతే, కాబట్టి మీది ఏదో పునర్ముద్రణ.

ప్రశ్న: చిరిగిన అంచుకు సెల్లోటేపు వేయవచ్చా?

జవాబు: వద్దు. దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమ రంగు మరకగా మిగులుతుంది. చెక్క గుజ్జుతో చేసిన కాగితం ఎలాగూ తనంతట తానే పసుపెక్కి పెళుసుబారుతుంది, మనం తోడ్పడనక్కరలేదు. ఆమ్లం లేని కవరులో పెట్టి, వెలుతురు తగలని చోట పడుకోబెట్టండి. లామినేషన్ చేయించనా అని అడిగిన మరో పాఠకుడికీ ఇదే జవాబు, ఇంకాస్త గట్టిగా.