గురి: పాఠకుల ప్రశ్నలు, రేంజి మాస్టారి జవాబులు

గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ రైఫిల్ కొనాలన్న ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. చాలామంది అడుగుతున్నది ఒక్కటే: తక్కువ ఖర్చులో ఏది మంచిది? తుపాకీ ధర ఒక్కసారి కట్టేది, అందులో వేసే సీసపు గుళ్ళ, అంటే పెల్లెట్ల, ధర ప్రతి వారం కట్టేది. ఈ లెక్క ముందు వేసుకున్నవాళ్ళే ఈ విద్యలో నిలబడతారు. అందుకే ఈ సంచికలో తుపాకీ కంటే గుళ్ళ గురించి ఎక్కువ రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవు రోజుల్లో కాలక్షేపంగా గురి నేర్చుకోవాలని ఉంది. పాతిక వేలు పెట్టగలను. దుకాణంవాళ్ళు 5.5 మిల్లీమీటర్లది తీసుకోండి, దెబ్బ గట్టిగా ఉంటుంది అంటున్నారు. 4.5 మరీ చిన్నది కాదా? (హనుమకొండ)

జవాబు: చిన్నదే తీసుకోండి. ముందు చట్టం సంగతి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు దుకాణంలో ఇచ్చి రసీదు తీసుకుంటే చాలు. 5.5 బోరు ఆ గీత దాటుతుంది, దానికి లైసెన్సు కావాలి. ఆ మాట చెప్పకుండా అమ్మజూపుతున్న దుకాణం మెట్లు మళ్ళీ ఎక్కకండి.

ఇక దెబ్బ గురించి. పది మీటర్ల దూరంలో కాగితాన్ని చిల్లు పొడవడానికి గట్టి దెబ్బతో పనేముంది? ఒలింపిక్స్‌లో వాడే ఎయిర్ రైఫిల్ నుంచి అర గ్రాము పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. శక్తి ఏడెనిమిది జౌళ్ళు మాత్రమే. 2008లో అభినవ్ బింద్రాకు బీజింగ్‌లో స్వర్ణం, 2012లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు లండన్‌లో కాంస్యం తెచ్చింది ఈ బోరే. ఆ ఏడెనిమిది జౌళ్ళు కన్ను పోగొట్టడానికి చాలు కాబట్టి బొమ్మ తుపాకీ అనుకోకూడదు.

మీ డబ్బులో ప్రిసిహోల్ వంటి దేశవాళీ తయారీ స్ప్రింగ్ రైఫిల్ హాయిగా వస్తుంది. రైఫిల్‌ను మధ్యలో మడిచినట్టు బ్యారెల్‌ను (గొట్టాన్ని) కిందికి వంచి స్ప్రింగ్ బిగించే రకం. గాలి సిలిండరు, పంపు బెడద ఉండదు. అయితే పేలినప్పుడు స్ప్రింగు ముందుకు దూకి రైఫిల్ ముందుకూ వెనక్కూ కుదుపుతుంది. బిగించి పట్టుకుంటే ఆ కుదుపు ప్రతిసారీ ఒక్కో పక్కకు లాగుతుంది. ముందు చేయి తెరిచి, అరచేతి మీద రైఫిల్‌ను ఊరికే ఆనించండి. తుపాకీని దాని మానాన కదలనిస్తేనే ప్రతిసారీ ఒకేలా కదులుతుంది. పెల్లెట్ లేకుండా ఖాళీగా మాత్రం పేల్చకండి. లోపలి పిస్టన్‌కు అడ్డుగా గాలి దిండు ఉండదు, అది పోయి గొట్టం చివరి గోడకు గుద్దుకుంటుంది.

పాతిక వేలూ రైఫిల్ మీద పెట్టకండి. సగం పెల్లెట్లకు, లక్ష్యం కార్డులకు, గుళ్ళను ఆపడానికి వెనుక పెట్టే ఇనుప పెట్టెకు, కళ్ళద్దాలకు ఉంచండి. టెలిస్కోపు ఇప్పుడే వద్దు. రైఫిల్ మీద గురి చూసుకునే మామూలు సైట్‌తో ఆరు నెలలు కొట్టినవాడి చేయి నిలిచినట్టు టెలిస్కోపుతో మొదలుపెట్టినవాడి చేయి నిలవదు.

ప్రశ్న: పెల్లెట్లలో ఇన్ని రకాలెందుకు? డబ్బా మీద 4.49, 4.50 అని రాసి ఉంటుంది. అంత సన్నని తేడా కంటికి కనబడదు కదా. ఖరీదైనవి కొంటే సరిపోతుందా? (ఖమ్మం)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

ఆకారంతో మొదలుపెడదాం. తల చదునుగా ఉన్నది కార్డు కోసం చేసినది. కాగితాన్ని గుండ్రంగా, అంచు చిరగకుండా కత్తిరిస్తుంది. మార్కు కొలవడం సులువు. గుండ్రటి తల ఉన్నది దూరానికి బాగా వెళ్తుంది, పది మీటర్లలో దానితో లాభం లేదు. మొన తేలిన రకం చూడడానికి బాగుంటుందే తప్ప గురికి పనికిరాదు. ఉక్కు బంతులైతే గాట్లున్న బ్యారెల్‌లో వేయనే వేయకండి. గాట్లు అరిగిపోతాయి, ఆ బంతులు గట్టి వస్తువుకు తగిలితే తిరిగి మీ మీదికే వస్తాయి.

డబ్బా మీది అంకె పెల్లెట్ తల వ్యాసం. మిల్లీమీటరులో నూరో వంతు తేడా కంటికి కనబడదన్న మాట నిజమే. బ్యారెల్‌కు మాత్రం తెలుస్తుంది. ఏ రెండు బ్యారెళ్ళూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఒకదానికి 4.49 కుదిరితే పక్కదానికి 4.50 కుదురుతుంది. కాబట్టి ఖరీదైనదే మీ తుపాకీకి మంచిదని చెప్పడానికి లేదు. మా రేంజిలో కొత్త రైఫిల్ వస్తే చేసే పని ఇది: బల్ల మీద ఇసుక సంచి వేసి రైఫిల్‌ను ఆనిస్తాం. నాలుగు రకాల పెల్లెట్లు తెస్తాం. ఒక్కో రకంతో ఒక్కో కార్డు మీద అయిదేసి గుళ్ళు, రకం మార్చినప్పుడల్లా ముందు నాలుగైదు ఊరికే వదిలి, కొడతాం. అయిదు చిల్లులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే రంధ్రంలా కనబడితే అది ఆ బ్యారెల్‌కు నచ్చిన పెల్లెట్. గుంపు కార్డు మధ్యలో పడిందా, పక్కన పడిందా అన్నది అప్పుడు చూడం. అది సైట్ తిప్పితే సరిపోతుంది. గుంపు ఎంత చిన్నదన్నదే లెక్క. ఇంతా చేశాక ఖరీదైన డబ్బా కంటే మధ్యరకం డబ్బా గెలవడం తరచూ జరుగుతుంది.

చవక పెల్లెట్లతో చిక్కు డబ్బాలో ఒకదానికొకటి పోలిక లేకపోవడమే. పెల్లెట్ వెనుక భాగం పలుచని లంగా అంచులా ఉంటుంది. అది మెత్తని సీసం, రవాణాలో నొక్కుకుంటుంది. అద్దం పలక మీద పెల్లెట్లను నాలుగు నాలుగుగా మెల్లగా దొర్లించండి. అంచు వంగని పెల్లెట్ ఒకే తీరున చుట్టు తిరుగుతుంది, వంగినది ఎగిరెగిరి పడుతుంది. ఎగిరినవాటిని పక్కన తీసి, చేయి వేడెక్కడానికి మొదట కొట్టే గుళ్ళుగా వాడుకోండి. పారేయనక్కర్లేదు.

ఖర్చు సంగతి. దేశవాళీ పెల్లెట్ సుమారు రూపాయి లోపే పడుతుంది, జర్మనీ మ్యాచ్ (పోటీ) పెల్లెట్ రెండు మూడు రూపాయల దాకా వెళ్తుంది. పోటీలో 60 గుళ్ళు, సైట్ చూసుకునేవి మరో 20 అనుకుంటే అయిదు వందల డబ్బా ఆరు రోజులు వస్తుంది. సాధనకు మధ్యరకం, పోటీకి బ్యారెల్‌కు నచ్చిన మంచి రకం పెట్టుకోండి. ఒకే బ్యాచి నంబరువి ఒకేసారి రెండు మూడు డబ్బాలు తీసుకోండి. బ్యాచి మారితే పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్ళు. వినికిడి తక్కువ, చెవికి మిషను పెట్టుకుంటుంది. పిస్టల్ షూటర్ ఈషా సింగ్‌ను టీవీలో చూసినప్పటి నుంచి షూటింగ్ అంటోంది. లక్షలు పోసి విదేశీ తుపాకీ కొనాలంటున్నారు. మావి అంత స్తోమత లేని బతుకులు. (విజయవాడ)

జవాబు: అమ్మా, ఇప్పుడేమీ కొనకండి. ముందు ఏదైనా క్లబ్బులో చేర్చండి. పిల్లలకు క్లబ్బు తుపాకీలే ఇస్తారు. మొదటి ఏడాది ఆమెకు కావలసినవి నిలబడడం, ఊపిరి పట్టడం, ట్రిగ్గర్‌ను కదిలీ కదలనట్టు నొక్కడం. అవి రావడానికి మంచి కోచ్, వారానికి మూడు నాలుగు రోజుల సమయం చాలు. రైఫిలా పిస్టలా అన్నది కూడా ఏడాది తరువాతే తేల్చుకోవచ్చు. రైఫిల్ అయిదు కిలోల బరువు, బిగుతైన జాకెట్టు, ప్యాంటు, బూట్లు ప్రత్యేకం, వాటికే బోలెడు ఖర్చు. పిస్టల్‌కు ఆ బట్టలు అక్కర్లేదు, మామూలు కుటుంబానికి అదే తేలిక. కొనే రోజు వస్తే పోటీల్లో ఆడి వదిలేసిన పిల్లల పాత మ్యాచ్ పిస్టళ్ళు క్లబ్బుల్లో అమ్మకానికి వస్తుంటాయి. గాలి సిలిండరు మీద తయారీ తేదీ చూడండి. పదేళ్ళు దాటినదాన్ని వాడకూడదు, కొత్త సిలిండరు ధర బేరంలో తగ్గించాలి.

ఈషా 2018లో జాతీయ సీనియర్ ఛాంపియన్ అయ్యేనాటికి ఆమెకు 13 ఏళ్ళే. మీ అమ్మాయికి ఇంకో పేరు కూడా చెప్పండి: ధనుష్ శ్రీకాంత్, హైదరాబాద్ అబ్బాయి. వినికిడి లోపంతో పుట్టాడు, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవారి ఒలింపిక్స్‌లో) పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం తెచ్చాడు. చెవి మిషను సంగతి మొదటి రోజే కోచ్‌కు చెప్పండి. రేంజిలో ఆపమన్న ఆజ్ఞ నోటితో చెబుతారు, ఆమెకు అది చేతి సైగగానో, దీపంగానో కనబడాలి.

ఇంకొకటి. పెల్లెట్లు సీసం. రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తుపాకీ పట్టిన చేత్తో చిరుతిండి తిననివ్వకండి. పెల్లెట్ నోట్లో పెట్టుకునే అలవాటు చాలామంది పిల్లలకు ఉంటుంది, దాన్ని మొదట్లోనే మాన్పించండి.

ప్రశ్న: కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూటూ (0.22 అంగుళాల బోరు) రైఫిల్ పేల్చాను. అప్పుడు కొట్టిన గ్రూపింగు (చిల్లుల గుంపు) ఇంకా గుర్తుంది. ఇప్పుడు బ్యాంకులో పదవీ విరమణ చేశాను. సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఆశ. ఎయిర్ రైఫిల్‌లోనూ పాయింట్ టూటూ ఉందంటున్నారు, రెండూ ఒకటేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఒకటి కావు. బోరు దాదాపు సమానం, అంతే పోలిక. ఎయిర్ రైఫిల్‌లోది గాలితో నడిచే పెల్లెట్. మీరు పేల్చిన ఎన్‌సీసీ రైఫిల్, నంబర్ టూ మార్క్ ఫోర్‌లోది మందున్న తూటా. దాని గుండు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 330 మీటర్ల వరకూ ఉంటుంది, శక్తి 140 జౌళ్ళ చిల్లర, అంటే మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌కు సుమారు 18 రెట్లు. ఎత్తుగా వదిలితే కిలోమీటరు దాటి కూడా ప్రమాదం చేస్తుంది. నేల మీద బోర్లా పడుకుని, గ్రౌండ్ షీటు గరుకు మోచేతులకు గుచ్చుకుంటుంటే కొట్టిన ఆ గ్రూపింగు మీకు ఇంకా గుర్తుండడం నాకెంత సంతోషమో!

లైసెన్సు తప్పనిసరి. కమిషనరేట్లలో పోలీసు కమిషనరుకు, జిల్లాల్లో కలెక్టరుకు దరఖాస్తు చేయాలి. తూటాలకూ కోటా ఉంటుంది. ఒక్కో తూటా ధర పెల్లెట్‌కు ఎన్నో రెట్లు, పైగా అంచులోనే మందు ఉండే రకం కాబట్టి కాల్చిన గుల్లను మళ్ళీ నింపుకోవడం కుదరదు. నా సలహా సూటిగా చెబుతాను: సొంతానికి కొనకండి. లైసెన్సు ఉన్న రైఫిల్ క్లబ్బులో సభ్యులుగా చేరి, క్లబ్బు రైఫిల్‌తో, క్లబ్బు తూటాలతో, రేంజిలోనే కొట్టండి. ఇంట్లో ఎయిర్ రైఫిల్ పెట్టుకోండి. ఇంట్లో పెల్లెట్‌తో చేయి నిలిపితే నెలకోసారి రేంజిలో పాతిక తూటాలు చాలు. తూటాల్లో వేగం ఎక్కువని రాసినవి అడగకండి. ధ్వని వేగానికి దిగువన వెళ్ళే సాధారణ వేగం తూటాయే కాగితం మీద నిలకడగా కొడుతుంది.

ప్రశ్న: చేనును కోతులు, నెమళ్ళు పాడుచేస్తున్నాయి. వాటిని బెదరగొట్టడానికి చవకలో ఎయిర్ గన్ చెప్పండి. (కల్యాణదుర్గం)

జవాబు: చెప్పను. నెమలిని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. కోతికి పెల్లెట్ తగిలితే వెంటనే చావదు, గాయం కుళ్ళి వారాల తరబడి చస్తుంది. మీ నష్టం నిజమే. పంట నష్టం గురించి అటవీ శాఖకు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, నకలు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మాస్టారూ, డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడి మన స్నేహితులు వారాంతంలో రేంజికి తీసుకెళ్తామంటున్నారు. రూగర్ 10/22 (పాయింట్ టూటూ రైఫిల్) చవక, తూటాలు ఇంకా చవక అంటున్నారు. నేర్చుకోనా? (టెక్సాస్ నుంచి)

జవాబు: వాళ్ళు చెప్పిన ధర నిజమే. 1964 నుంచి వస్తున్న రైఫిల్ అది, నేర్చుకునేవారికి మంచిదే. తూటా ధర తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తూటాలో సుమారు మూడో వంతు. అయితే నాయనా, నీది విద్యార్థి వీసా. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజిలో పది నిమిషాలు అద్దెకు తీసుకుని చేత పట్టుకోవడం కూడా ఆ నేరం కిందికే వస్తుంది. హెచ్‌1బీ వచ్చాక కూడా ఇదే నియమం. గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడికి చెల్లినది నీకు చెల్లదు. ఆ మినహాయింపు నీకు వర్తిస్తుందో లేదో అక్కడి వకీలును అడగకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు.

స్నేహితుల వెంట చూడడానికి వెళ్ళినా, వాళ్ళ సంచులు అరువు తెచ్చుకుని ఇంటికి ప్రయాణం కట్టకు. రేంజికి తీసుకెళ్ళిన సంచి మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానరుకు దొరికి, ఆయుధ చట్టం కింద కేసులో ఇరుక్కున్నవారున్నారు. సంచి జేబులన్నీ బయటికి తిరగదీసి, దులిపి, ఆ తరువాతే బట్టలు సర్దుకో.