చెత్త ఏరితే చెరువు నీళ్లు బాగుపడతాయా?

"కాలనీ వాళ్లం కలిసి చెరువు కోసం వాలంటీర్ కార్యక్రమం పెడదామనుకుంటున్నాం. చెత్త ఏరితే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?" అని అడిగారు. చెత్త ఏరితే గట్టు బాగుపడుతుంది. నీళ్లు పెద్దగా మారవు. ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మొదటి రెండేళ్లు మాకూ ఈ సంగతి తెలియలేదు.

మా మొదటి పెద్ద కార్యక్రమం గుర్రపు డెక్క తీయడం. అరవై మంది దాకా వచ్చారు. మధ్యాహ్నానికి ఒక మూల నీళ్లు కనిపించేసరికి అందరికీ ఒకటే సంబరం, ఫొటోలు. లాగిన మొక్కలన్నీ గట్టు మీదే కుప్పలు పోసి ఇళ్లకు వెళ్లిపోయాం. అవి కుళ్లాయి. ఆ తర్వాత పడ్డ వానకు కుప్పల కింద నుంచి నల్లటి రసం సన్నగా పారుతూ తిన్నగా చెరువులోకే దిగింది. ఆ మొక్కలు నీళ్లలోంచి పీల్చుకున్న నత్రజని, భాస్వరం మళ్లీ నీళ్లకే చేరాయన్నమాట. పైగా అనుకూలమైన వాతావరణంలో ఆ మొక్క రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. ఇప్పుడు తీసిన డెక్కను అదే రోజు దూరంగా తరలించి కంపోస్టు చేస్తున్నాం. బండి దొరకకపోతే కార్యక్రమమే వాయిదా.

నాచు పెరగడానికి అసలు మేత భాస్వరం. 1973లో కెనడాలో ఒక సరస్సుకు మధ్యలో తెర కట్టి, ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడ్డ సగమే నాచుతో పచ్చగా మారిపోయింది. మన చెరువుల్లోకి అది మురుగుతోనూ, ఎరువులతోనూ, కొట్టుకొచ్చే మట్టితోనూ వస్తుంది. అందుకే సగం మందిని చెరువు దగ్గర కాకుండా అందులోకి వచ్చే కాలువల మీద పెట్టండి. వాన లేని రోజుల్లో కూడా వరద కాలువలో నీళ్లు పారుతున్నాయంటే అనుమానించాల్సిందే. మేం పది మందిమి అలా ఎగువకు నడుస్తూ పోతే ఒక మలుపులో సబ్బు నురగ కనిపించింది. పొదల చాటున ఒక పైపు, పైనున్న ఇళ్ల స్నానాల నీళ్లన్నీ అందులోంచే. దాన్ని మూయించడానికి తేదీలతో ఫొటోలు పెట్టి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాం, ఎనిమిది నెలలు పట్టింది. అరవై మంది లాగిన డెక్క కంటే ఆ ఒక్క పైపు మూయించడం వల్లే చెరువుకు ఎక్కువ మేలు జరిగిందని నా నమ్మకం.

కొలతలు తప్పకుండా పెట్టుకోండి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలిచే సెక్కీ డిస్క్ ఇంట్లోనే తయారవుతుంది: 20 సెంటీమీటర్ల పళ్లేనికి తెలుపు, నలుపు రంగులు నాలుగు భాగాలుగా వేసి, అడుగున బరువు కట్టి, తాడుకు గుర్తులు పెట్టండి. నీళ్లలోకి దించుతూ అది కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోవాలి. ఎప్పుడూ అదే చోట, అదే వేళకు. మా మొదటి కొలత 35 సెంటీమీటర్లు, అంటే మూర కూడా లేదు.

నీటిలో కరిగిన ఆక్సిజన్ విషయంలో మేం బాగా బోల్తా పడ్డాం. మధ్యాహ్నం మూడింటికి కొలిచి, భేషుగ్గా ఉందని మురిసిపోయాం. అదే వారంలో ఒకరోజు తెల్లారేసరికి చేపలు తేలాయి. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే వాడుకుంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు అది అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలకు కష్టం. మీలో ఒకరు తెల్లవారుజామున లేవక తప్పదు (మాలో ఆ పని నాకే పడింది).

గ్లవుజులు, బూట్లు లేకుండా ఎవరినీ దిగనివ్వకండి. ఒంటి మీద పుండ్లు, గాయాలు ఉన్నవాళ్లు గట్టు మీదే ఉండాలి, మురికి నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జ్వరం అంటుకునే ప్రమాదం ఉంది. పచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కనిపిస్తే ఆ రోజు నీళ్ల జోలికే వెళ్లొద్దు, ఆ తెట్టులో కొన్ని రకాలు విషపూరితం.

జనం తగ్గిపోతారని టెన్షన్ పడకండి. మా అరవై మంది మూడో నెలకు తొమ్మిదిమంది అయ్యాం. కాలువ వెంట నడవడానికి, కొలతలు రాయడానికి తొమ్మిదిమంది చాలు.

కార్యక్రమం తేదీ పెట్టుకునే ముందు, వాన లేని రోజు చూసి కాలువ వెంట ఒక కిలోమీటరు ఎగువకు నడిచి రండి. ఎక్కడెక్కడ నీళ్లు పారుతున్నాయో, ఏ రంగులో ఉన్నాయో చెబితే, ఎక్కడ మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం.