బ్యాక్టీరియాలో చేసిన హ్యూమన్ ప్రొటీన్ సెల్స్ మీద వేసే ముందు

తమ్ముడూ,

ప్రొటీన్ పొడి ఉన్న వయల్ వచ్చేసింది, రేపే మాక్రోఫేజ్‌ల (సూక్ష్మజీవుల్ని మింగే ఇమ్యూన్ సెల్స్) మీద వేసేస్తా అన్నావు కదా, ఒక్క రోజు ఆగు. డేటాషీట్‌లో ప్యూరిటీ 95 శాతం పైనే అని చూసి పక్కన పడేసుంటావ్, అందరూ చేసేది అదే. నువ్వు ముందు చూడాల్సింది ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చి ఇమ్యూన్ సెల్స్‌ని రెచ్చగొట్టే పదార్థం) ఎంత అన్న లైను.

మనిషి ప్రొటీనే అయినా అది తయారైంది ఇ. కోలి అనే బ్యాక్టీరియాలో. ఆ బ్యాక్టీరియా బయటి పొర నిండా ఎల్‌పీఎస్ (లైపోపాలీశాకరైడ్, ఎండోటాక్సిన్ అంటే ఇదే) ఉంటుంది, సెల్స్‌ని పగలగొట్టి ప్రొటీన్ లాగేటప్పుడు అదీ అంటుకుని వస్తుంది. ప్యూరిటీ చూడ్డానికి ప్రొటీన్లని సైజుని బట్టి విడదీసే జెల్‌కి ప్రొటీన్‌కి పట్టే రంగు వేస్తారు కాబట్టి ఎల్‌పీఎస్ అందులో కనపడదు, బ్యాండ్ ఒక్కటే వచ్చిందని మురిసిపోకు. లెక్క వేసుకో: మైక్రోగ్రాము ప్రొటీన్‌కి 1 ఈయూ (ఎండోటాక్సిన్‌ని కొలిచే యూనిట్) ఉందనుకుందాం, మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాములు వేస్తే 5 ఈయూ, అంటే సుమారు 500 పికోగ్రాముల ఎల్‌పీఎస్. మాక్రోఫేజ్‌లు రెచ్చిపోవడానికి అది చాలు, టీఎన్ఎఫ్ (ఇమ్యూన్ సెల్స్ రెచ్చిపోతే వదిలే ప్రొటీన్) పెరిగింది నా ప్రొటీన్ వల్లే అని నువ్వు స్లైడ్ చేసేసుకుంటావ్. హీట్ షాక్ ప్రొటీన్ల (వేడి లాంటి ఒత్తిడిలో సెల్స్ ఎక్కువగా చేసుకునేవి) విషయంలో ఇదే జరిగింది, అవి ఇమ్యూన్ సెల్స్‌ని రేపుతాయని పేపర్లు వచ్చాక, శుభ్రంగా తీసిన ప్రొటీన్‌తో చూస్తే అందులో చాలా భాగం ఎల్‌పీఎస్ పనేనని తేలింది.

అందుకని కంట్రోల్స్ పెట్టు. కొంచెం ప్రొటీన్‌ని బాగా మరిగించి వేసి చూడు, మామూలుగా ప్రొటీన్ పాడైపోతుంది, ఎల్‌పీఎస్ మాత్రం ఆ వేడికి చెక్కుచెదరదు, సో మరిగించాక కూడా ఎఫెక్ట్ అలాగే ఉంటే అనుమానించాల్సిందే. అయితే కొన్ని ప్రొటీన్లు వేడికి తట్టుకుంటాయి, దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా పాలిమిక్సిన్ బి (ఎల్‌పీఎస్‌ని పట్టేసి ఆపే యాంటీబయాటిక్) కూడా వేసిన వెల్ (ప్లేటులో సెల్స్ పెంచే గుంట) ఒకటి, అంతే మోతాదు ఎల్‌పీఎస్ ఒక్కటే వేసిన వెల్ ఒకటి పెట్టు. రివ్యూయర్ అడిగాక చేసేకంటే ఇప్పుడే నయం.

ఇంకోటి, ఇ. కోలి మన సెల్స్‌లాగా ప్రొటీన్‌కి షుగర్లు తగిలించదు. ఐఎల్-2 (టీ సెల్స్‌ని పెంచే ప్రొటీన్) కి అవి లేకపోయినా పని జరుగుతుంది, ఎరిత్రోపోయిటిన్‌కి (ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చేసే హార్మోన్) అయితే ఒంట్లో నిలబడాలంటే కావాలి, అందుకే దాన్ని మామల్ సెల్స్‌లో చేస్తారు. నీ ప్రొటీన్ ఏ రకమో ముందు చదువుకో. జెల్ మీద బ్యాండ్ పుస్తకంలో చెప్పినదానికంటే కిందకి వస్తే కంగారు పడకు, షుగర్లు లేకపోవడం వల్లే కావచ్చు.

వయల్ తెరిచే ముందు ఒకసారి స్పిన్ చెయ్, పొడి మూతకి అంటుకుని ఉంటుంది, కంటికి కనపడదు. షీట్‌లో చెప్పిన బఫర్‌లోనే కలుపు, వోర్టెక్స్ వద్దు, మెల్లగా తిప్పితే చాలు. పల్చగా దాచాలంటే 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రొటీన్) లాంటిది ఉండాలి, లేకపోతే ప్రొటీన్ ట్యూబ్ గోడలకి అంటుకుపోతుంది (ఆ బీఎస్ఏలోనూ ఎండోటాక్సిన్ లేనిది చూసుకోవాలి, మళ్లీ అదే గోల). ఒక్కో ఎక్స్‌పెరిమెంట్‌కి సరిపడా చిన్న చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజ్ చెయ్, ఒకే ట్యూబుని కరిగించి గడ్డకట్టించి మళ్లీ కరిగించకు.

వయల్ మీది లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) నోట్‌బుక్‌లో రాసుకో. కొత్త లాట్ వస్తే పాతదాంతో పక్కపక్కన పెట్టి ఒక డోస్ కర్వ్ (ఏ మోతాదుకి ఎంత ఎఫెక్ట్ అని చూపే గ్రాఫ్) చెయ్, రెండింటి బరువు ఒకటే అయినా యాక్టివిటీ ఒకటే ఉండాలని లేదు.

ఆ ఎండోటాక్సిన్ లైను ఫోటో తీసి పంపు, డోస్ ఎంత వెయ్యాలో ఇద్దరం కలిసి చూద్దాం.