ముందు ఫొటో చూడండి, తర్వాతే చలాన్ కట్టండి

ప్రశ్న: గడియారం సెంటర్లో రెడ్ సిగ్నల్ దాటానని నా బైకు మీద చలాన్ పడింది. ఆ రోజు బండి ఇంటి ముందే ఉంది. అయినా కట్టాల్సిందేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తొందరపడి కట్టకండి. పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్లో బండి నంబరు, ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులో చివరి నాలుగు అంకెలు కొడితే చలాన్‌తో పాటు ఫొటో కనిపిస్తుంది. దాన్ని పెద్దది చేసి రంగు, మోడల్, అద్దాలు, సీటు కవరు మీ బండితో పోల్చండి. ప్లేటుకు బురద అంటినా, అక్షరాలు వంకరగా రాయించినా కెమెరా 8ని ‘బి’ అనో, 0ని ‘డి’ అనో చదివేస్తుంది. ఫొటోలో ఒక నంబరు, చలాన్‌లో ఇంకొకటి ఉంటే జరిగింది అదే. నంబరు మీదే ఉండి బండి వేరేదైతే మాత్రం మీ నంబరు ఎవరో తగిలించుకుని తిరుగుతున్నట్టు. దీన్ని అస్సలు వదిలేయొద్దు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. చలాన్ ఫొటో, మీ బండి ముందు వెనక ఫొటోలు, ఆర్సీ జిరాక్స్ జతచేసి ట్రాఫిక్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి.

కెమెరాలకూ నిబంధనలున్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో 167ఏ అనే నిబంధన చేరింది. జనాభా పది లక్షలు దాటిన నగరాలతో పాటు కెమెరాలు పెట్టాలని అది పేర్కొన్న 132 పట్టణాల్లో నల్లగొండ ఒకటి. కెమెరాకు ఏటా రెన్యువల్ చేసిన ధ్రువపత్రం ఉండాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. ఫొటోలో తప్పు, నంబరు ప్లేటు రెండూ స్పష్టంగా కనపడాలి. ఎర్రలైటు, స్టాప్ లైను కనపడని ఫొటోతో సిగ్నల్ దాటినట్టు ఎట్లా తేలుతుంది? ఫిర్యాదులో ఇదీ రాయండి. గీతలు చెరిగిపోయిన చౌరస్తాల్లో ముందు పెయింటు వేయించి, ఆ తర్వాతే కెమెరా బిగించాలన్నది మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: అమ్మేసిన స్కూటర్ చలాన్లు ఇంకా నా ఫోన్‌కే వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉందమ్మా. స్టాంపు కాగితం మీద రాసుకున్నంత మాత్రాన అది మారదు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహనాల చట్టంలో 50వ సెక్షన్ చెబుతోంది. కొన్నవారిని వెంటబెట్టుకుని బండి పేరు మార్పిడికి కావాల్సిన 29, 30 ఫారాలు ఆర్టీఏలో ఇప్పించండి. ఇంకో మాట: చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే అది మోసం, తెరవొద్దు. తెరిచి డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.