సన్‌సెట్ బోటా, మధ్యాహ్నం బోటా? బార్సిలోనా సముద్రం గురించి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో బార్సిలోనా గురించి రాస్తూ చివర్లో తెరచాప పడవ షికారు గురించి రెండే లైన్లు రాశాను, ఇక ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. ఆ ఊరి పేరుమోసిన చర్చి సగ్రాద ఫామిలియా గురించి ఒక్కరూ అడగలేదు, సరే కానివ్వండి. అందరికీ పనికొచ్చేవి కొన్ని ఏరి ఇక్కడ జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. మా బాబు మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. జూన్ ఆఖరి వారంలో మేమిద్దరం, మా అత్తయ్యగారు, ఏడో క్లాస్ చదివే మా పాప వెళ్లి వాడితో కలిసి బార్సిలోనాలో మూడు రోజులు ఉందామని ప్లాన్. మీరు రాసిన పడవ ఎక్కాలని పాప ఒకటే గొడవ. ఎవర్ని అడిగినా సన్‌సెట్ టికెట్టే తీసుకోమంటున్నారు, మా బాబేమో మధ్యాహ్నం వెళ్దామంటాడు. ఏది తీసుకోమంటారు? (ఒక పాఠకురాలు, నిజాంపేట)

జవాబు: మీ బాబు మాటే వినండి. సన్‌సెట్ అంటే అందరికీ మోజే, కానీ ఆ ఊరు ఏ దిక్కుగా ఉందో ఎవరూ చూసుకోరు. బార్సిలోనాకి సముద్రం ఆగ్నేయం వైపు, వెనకాల వాయవ్యంలో కొండలు. అంటే పడవలోంచి ఊరి వైపు చూస్తే సాయంత్రం ఎండ సరిగ్గా మీ కళ్లల్లోకి కొడుతుంది, బిల్డింగులన్నీ నల్లగా నీడల్లా కనిపిస్తాయి. జూన్‌లో సూర్యుడు సముద్రంలో మునగడు, ఊరి వెనక కొండల్లోకి దిగిపోతాడు. ఆకాశం రంగులు బావుంటాయి, కాదనను, కొత్త జంటలైతే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. మీకు ఊరు స్పష్టంగా కనిపించాలి, ఫోటోలో అత్తయ్యగారి మొహం కూడా కనిపించాలి అంటే మాత్రం పొద్దున ట్రిప్ మంచిది, ఆ టైమ్‌లో ఎండ సముద్రం వైపు నుంచి నేరుగా ఊరి మీద పడుతుంది.

మరి మధ్యాహ్నం ఎందుకంటారా, గాలి కోసం. వేసవిలో అక్కడ నేల వేడెక్కాక సముద్రం మీంచి నైరుతి గాలి ఒకటి మొదలవుతుంది, వాళ్లు గర్బీ అంటారు. పొద్దున సముద్రం దాదాపు నిద్రపోతూ ఉంటుంది, పదకొండు పన్నెండు దాటాక గాలి మెల్లగా లేచి మూడు, నాలుగు గంటల మధ్య బాగా అందుకుంటుంది, పొద్దుగూకే సరికి మళ్లీ చచ్చిపోతుంది. కాబట్టి చాలా సన్‌సెట్ ట్రిప్పుల్లో తెరచాప ఎత్తుతారు కానీ లోపల డీజిల్ ఇంజిన్ గుడగుడమంటూనే ఉంటుంది, మీరు డబ్బులు కట్టింది దేనికి? ఇంజిన్ ఆపేసి ఒక్క గాలితో పడవ కదలడం, కింద నీళ్లు చప్పుడు చేస్తూ జారిపోవడం, ఇది చూడాలంటే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు లోపల ట్రిప్ పట్టుకోవాలి. ఈతకి కూడా అదే బెటర్, ఎందుకంటే రాత్రి తొమ్మిదిన్నరకి గానీ పొద్దు గూకదు, ఆ టైమ్‌లో నీళ్లలోంచి బయటికొచ్చి తడి బట్టల మీద గాలి తగిలితే పాపకి పళ్లు టకటకలాడతాయి.

ఇంకో సంగతి, మీ తేదీల్లో 23 రాత్రి కలుస్తుందేమో చూసుకోండి. ఆ రాత్రి సాన్ జోన్ పండగ, అచ్చం మన దీపావళే, బీచ్ నిండా జనం, ఊళ్లో అక్కడక్కడా మంటలు, వీధి వీధికీ టపాకాయలు, తెల్లార్లూ ఎవరూ పడుకోరు, మర్నాడు 24 సెలవు. చూడ్డానికి మహా సరదాగా ఉంటుంది కానీ ఆ రెండు రోజులకీ పడవ టికెట్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి, అత్తయ్యగారి నిద్ర సంగతి కూడా ఆలోచించుకుని హోటల్ బీచ్‌కి కాస్త దూరంగా తీసుకోండి.

ప్రశ్న: అమ్మా, నాకు యాభై రెండేళ్లండి. చిన్నప్పుడు మా ఊరి కాలవలో సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నోణ్ణి, ఇప్పటికీ చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోగలను. మా అల్లుడుగారు ఆగస్టులో మమ్మల్ని బార్సిలోనా తీసుకెళ్తానంటున్నారు. పడవ మీంచి సముద్రంలోకి దూకొచ్చాండి? మా ఆవిడ వద్దంటే వద్దంటంది. (ఒక పాఠకుడు, కాకినాడ దగ్గర)

జవాబు: దూకొచ్చండీ, కానీ అమ్మగారి భయంలో కూడా న్యాయం ఉంది. కాలవకీ సముద్రానికీ తేడా అలలు కాదు. ఆ సముద్రంలో ఎండాకాలం అలలు మన కాకినాడ తీరంతో పోలిస్తే చాలా తక్కువ, ఆటుపోట్లు అయితే జానెడు తేడా కూడా రాదు. పైగా మధ్యధరా నీళ్లలో ఉప్పు లీటరుకి 38 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి మనిషి తేలిగ్గా తేలతాడు. తేడా ఎక్కడంటే, అలసిపోతే పట్టుకోడానికి గట్టు లేదు, కాలు ఆనించడానికి నేల లేదు. బీచ్ నుంచి 200 మీటర్ల దాకా పసుపు బోయలు కట్టి అది స్నానాల ఏరియా అని వదిలేస్తారు, పడవలు అందులోకి రాకూడదు. మీ పడవ దాని అవతలెక్కడో ఆగుతుంది, అక్కడ కింద మనిషికి అందని లోతు.

రెండోది, పడవ నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నిలబడదు. లంగరు వేయకుండా ఇంజిన్ మాత్రం ఆపితే గాలికి పడవ మెల్లగా జరుగుతూనే ఉంటుంది, మీరు నీళ్లలో ఉంటారు, మీ ధ్యాస ఊరి వైపు ఉంటుంది, తిరిగి చూస్తే పడవ ఇరవై గజాలు అవతల. జరిగిపోయే పడవని ఈది అందుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. అందుకని దూకగానే ఏం చేస్తారంటే, చాలా పడవలు వెనక ఒక తాడు, దాని చివర ఒక తేలే బంతి వదులుతాయి, ఆ తాడు కనిపించే దూరంలోనే ఉండండి. లేకపోతే అడిగి వేయించుకోండి, వాళ్లేం అనుకోరు. పడవకి గాలి వచ్చే వైపున ఉంటే పడవ మీ నుంచి జరిగిపోతూ ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఎక్కడం గురించి కూడా చెప్పాలి, దూకడం కంటే ఎక్కడమే కష్టం. వెనక స్టీల్ నిచ్చెన దించుతారు, పడవ అలకి లేచి పడుతుంటే నిచ్చెన కూడా లేచి పడుతుంది. కిందికి వచ్చినప్పుడు రెండు చేతులా పట్టుకుని, కాలు అడుగు మెట్టు మీద పెట్టి, పైకి లేచేటప్పుడు దాంతో పాటు లేవండి. నిచ్చెన కింద తల పెట్టకండి. లుంగీతో వద్దు, కాటన్ ప్యాంటు వద్దు, నీళ్లు పీల్చి బండలా అయిపోతాయి, నైలాన్ షార్ట్ వేసుకోండి. ఆడవాళ్లకి ఫుల్ హ్యాండ్స్, ఫుల్ లెగ్గింగ్స్ ఉన్న స్విమ్ డ్రెస్సులు మన దగ్గరే దొరుకుతున్నాయి, చున్నీ మాత్రం లోపల బ్యాగులో పెట్టేయండి.

ఇక నీళ్లు ఆగస్టులో 25 డిగ్రీల దగ్గర ఉంటాయి, మన సముద్రం కంటే చల్లనే కానీ హాయిగానే ఉంటుంది. మేలో వెళ్లేవాళ్లకి 17, 18 ఉంటుంది, వాళ్లు తలకిందులుగా దూకేయకుండా నిచ్చెన మీంచి మెల్లగా దిగండి, ఒక్కసారి చల్లనీళ్లు తగిలితే ఊపిరి ఎగబీల్చి ఉప్పునీళ్లు మింగేస్తారు. యాభై దాటాక గుండెకి కూడా అది మంచిది కాదు. లైఫ్ జాకెట్ వేసుకుని దిగితే మీ ఈతకొచ్చిన పరువు నష్టమేమీ లేదండీ.

ప్రశ్న: తిరుమల ఘాట్ రోడ్డులో మూడో మలుపుకే కవరు అడిగే మనిషి మా ఆవిడ. పడవ ఎక్కించొచ్చా? (తిరుపతి నుంచి)

జవాబు: ఎక్కించొచ్చు, కానీ కాటమరాన్ అనే, రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన జోడించినట్టుండే వెడల్పాటి పడవ చూసుకోండి, అది మామూలు తెరచాప పడవలా ఒక పక్కకి ఒరిగిపోదు. ముందు భాగంలో వల కట్టి ఉంటుంది, అందరూ పరిగెత్తి దాని మీద పడుకుంటారు. మీ ఆవిడని మాత్రం అటు పంపకండి, ఊపు అక్కడే ఎక్కువ. మధ్యలో, కొంచెం వెనగ్గా కూర్చోబెట్టి ఫోన్ తీసేసుకోండి, దూరంగా తీరం మీదే చూపు పెట్టమనండి.

ఖాళీ కడుపు పనికిరాదు, నిండా తిన్నా పనికిరాదు, గంటన్నర ముందు రెండు బ్రెడ్ ముక్కలు చాలు. అవోమిన్ అలవాటుంటే బయల్దేరే ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే ఏం లాభం లేదు, అదీ బయటికే వస్తుంది. ఈ మాత్రలకి మత్తుగా ఉంటుంది కాబట్టి వేసుకున్న వాళ్లు ఈతకి దిగకూడదు, వైన్ ముట్టుకోకూడదు. బీపీకో ఇంకోదానికో మందులు వాడుతుంటే ముందు మీ డాక్టర్ని అడగండి.

చాలామందికి తెలియందేంటంటే పడవ పోతున్నప్పుడు కంటే ఈత కోసం ఆపినప్పుడే ఎక్కువ తిప్పుతుంది, నడక ఆగిపోయి అక్కడక్కడే ఊగుతుంది కదా. అందుకని ఆ అరగంట ముందే నిమ్మకాయో అల్లం మురబ్బానో చేతిలో పెట్టండి. ముందు రోజు తూర్పు గాలి గట్టిగా వీచి ఉంటే ఎండ కాస్తున్నా సరే సముద్రంలో ఊపు మిగిలి ఉంటుంది, వీలైతే ట్రిప్ ఒక రోజు జరుపుకోండి.

ప్రశ్న: హాయ్ అక్కా, డబ్లిన్‌లో చదువుతున్నా, సెప్టెంబర్‌లో ఐదుగురం ఫ్రెండ్స్ వెళ్తున్నాం, బడ్జెట్ టైట్. ఏ పోర్ట్ నుంచి ఎక్కాలి, ఏమేం కనిపిస్తాయి, వెజ్ దొరుకుతుందా, గాలి ఎక్కువై క్యాన్సిల్ అయితే డబ్బులు పోయినట్టేనా? (సిద్దిపేట అబ్బాయి)

జవాబు: తమ్ముడూ, అన్నీ ఒకేసారి అడిగేశావు. ఈ పడవలు ఎక్కువగా రెండు పోర్టుల నుంచి బయల్దేరతాయి, పోర్ట్ వెల్, పోర్ట్ ఒలింపిక్. పేర్లు సరిగ్గా చదవకుండా ఒక దాని బదులు ఇంకోదానికి పోయి పడవ మిస్సయ్యే వాళ్లు బోలెడుమంది, పడవ ఎవరి కోసమూ ఆగదు. పోర్ట్ వెల్‌కి మెట్రో ఎల్3లో ద్రసానెస్ స్టేషన్, పోర్ట్ ఒలింపిక్‌కి ఎల్4లో సియుతదెల్య స్టేషన్. పోర్ట్ వెల్ పాత ఊరి పక్కనే, కానీ హార్బర్ దాటి బయటపడటానికే ఇంజిన్ మీద కాసేపు పోతుంది. గంటన్నర ట్రిప్‌లో అది తక్కువేం కాదు. పోర్ట్ ఒలింపిక్ 1992 ఒలింపిక్స్ కోసం కట్టింది, గేటు దాటితే సముద్రమే. చిన్న ట్రిప్పయితే ఒలింపిక్ నుంచి, రెండు మూడు గంటలదైతే వెల్ నుంచి, నేనైతే అలా చూసుకుంటా.

కనిపించేవి చెప్తా, ఎడమ నుంచి మొదలుపెడదాం, నువ్వు సముద్రంలోంచి ఊరి వైపు చూస్తున్నావనుకో. ముందు మొంజుయిక్ కొండ, పైన కోట. దాని కిందగా పాత రేవు మీద తీగ మీద పోయే ఎర్ర డబ్బాలు, ఆ కేబుల్ కార్ 1931 నాటిది. కొలంబస్ స్తంభం 60 మీటర్లున్నా హార్బర్ దాటాక వెతుక్కోవాల్సిందే. తర్వాత ఒడ్డునే తెరచాప ఆకారంలో డబ్ల్యూ హోటల్, రికార్దో బొఫిల్ కట్టింది, 2009లో తెరిచారు. ఆ పక్క బార్సెలొనెతా బీచ్. దాని తర్వాత రెండు జంట టవర్లు, చెరి 154 మీటర్లు, ఒకటి హోటల్ ఆర్ట్స్, ఇంకోటి మాఫ్రే. వాటి కాళ్ల దగ్గర రాగి రంగులో మెరుస్తూ ఒక పెద్ద చేప, ఫ్రాంక్ గెహ్రీ చేసింది, దానికి కళ్లూ లేవు, తలా లేదు, ఎండ పడితే మాత్రం అల్లాడిస్తుంది. ఇంకా వెనకాల తూటాలా నున్నగా ఉండే గ్లోరియెస్ టవర్, 144 మీటర్లు. కుడి చివర దూరంగా మూడు పొగ గొట్టాలు, మూసేసిన పాత పవర్ ప్లాంటువి. వెనకాల 512 మీటర్ల తిబిదాబో కొండ, దాని మీద చర్చి.

సగ్రాద ఫామిలియా పోర్ట్‌లోంచి కనిపించదు, ముందు బిల్డింగులు అడ్డం. పడవ అర కిలోమీటరు, కిలోమీటరు లోపలికి పోయేకొద్దీ ఇళ్ల పైకప్పుల మీంచి మెల్లగా లేస్తుంది, క్రేన్లతో సహా. దాని నడిమి గోపురం ప్లాన్ 172.5 మీటర్లు, మొంజుయిక్ కొండ కంటే కాస్త తక్కువ ఉండేలా దాని ఆర్కిటెక్ట్ గౌడీ వేసుకున్న లెక్క, దేవుడు కట్టిన దాని కంటే మనిషి కట్టింది ఎత్తు ఉండకూడదని. కొండ, గోపురం రెండూ ఒకే చూపులో పెట్టి చూడాలంటే సముద్రం మంచి చోటు, ఊళ్లో వీధుల్లో నిలబడితే అది కష్టం.

వెజ్ సంగతి, ఎక్కువ పడవల్లో పెట్టేది ఒక గ్లాసు కావా వైన్, ఆలివ్‌లు, చిప్స్, టమాటా రుద్దిన బ్రెడ్. బ్రెడ్ మీద పంది మాంసం స్లైసు పరిచి ఇవ్వడం మామూలే కాబట్టి ముందే చెప్పు. వెజిటేరియన్ అంటే చాలదు, చేపలు కూడా తినం అని విడిగా చెప్పాలి, లేకపోతే ట్యూనా వస్తుంది. తోర్తియ్య అంటే అక్కడ మెక్సికో రొట్టె కాదు, ఆలుగడ్డ వేసిన గుడ్డు అట్టు.

గాలి ఎక్కువై వాళ్లే క్యాన్సిల్ చేస్తే మామూలుగా డబ్బులు వెనక్కిస్తారు, లేదా ఇంకో రోజు ఇస్తారు. బుక్ చేసేటప్పుడు ఆ లైను ఉందో లేదో చదువు. కానీ తెలివైన పని ఏంటంటే, బార్సిలోనాలో మొదటి రోజే పడవ పెట్టుకో, క్యాన్సిల్ అయితే ఇంకా రోజులు మిగులుతాయి, ఆఖరి రోజు పెట్టుకుంటే అంతే సంగతులు. సెప్టెంబర్‌లో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, జనం తక్కువ, వానలు మాత్రం ఉన్నట్టుండి కొడతాయి. ఐదుగురికి ప్రైవేట్ బోటు బడ్జెట్‌లో కుదరదు, షేరింగ్‌లోనే ఎక్కండి.

ప్రశ్న: ఇదే వైజాగ్‌లో పెడితే బావుండు కదా? (గాజువాక)

జవాబు: చూడ్డానికి మనదేం తక్కువ, డాల్ఫిన్స్ నోస్ కొండని సముద్రంలోంచి చూస్తే బార్సిలోనా కొండ ఏ మూలకి! ఈతతోనే చిక్కు. మధ్యధరా దాదాపు నాలుగు వైపులా మూసుకున్న సముద్రం, మనది దక్షిణం వైపంతా తెరుచుకుని ఉంది, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల లేచిన అల కూడా మన ఒడ్డుకే వచ్చి పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే మాట్లాడుకోనక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడ్డ పిల్లల్ని కూడా లోపలికి లాగేసిన సంఘటనలు మీకే బాగా తెలుసు.

ప్రశ్న: జెల్లీ ఫిష్ కుడితే ఏం చేయాలి మేడమ్, వెనిగర్ రాయమంటారు కదా? (విజయవాడ)

జవాబు: అక్కడ వద్దు. బార్సిలోనా తీరంలో ఎక్కువగా కుట్టేది గులాబీ ఊదా రంగులో ఉండే చిన్న జాతి, దాని మీద వెనిగర్ పోస్తే మంట ఇంకా పెరగొచ్చు. మంచినీళ్లు కూడా పోయకూడదు, టవల్‌తో రుద్దకూడదు. సముద్రపు నీళ్లతోనే కడిగి, అతుక్కున్న పోగులు ఏమైనా ఉంటే ప్లాస్టిక్ కార్డు అంచుతో తీసేసి, ఐస్ ముక్కల్ని కవర్లో చుట్టి కాసేపు పెట్టండి. పడవలో కూల్ డ్రింక్స్ కోసం ఐస్ ఎలాగూ ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా కెప్టెన్‌కి చెప్పండి, ఒడ్డున అయితే 112కి ఫోన్ చేయండి.